మూర్‌లో ఉన్న కూతురింటికి టోర్నడో షెల్టర్: గ్యారేజ్‌లో గుంత మేలా, పైన స్టీలు గది మేలా?

టీచరమ్మ_అనంతపురం:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయీ అల్లుడూ అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం మూర్ అనే ఊళ్ళో పోయినేడాది ఇల్లు కొన్నారు. అమ్మాయికి మే నెలలో కాన్పు డేట్ ఇచ్చారు. నేనూ మా ఆయనా ఏప్రిల్ మొదట్లో వెళ్ళి ఆరు నెలలు ఉండి వద్దామని టికెట్లు కూడా తీసుకున్నాం. పొడులూ కాన్పు దినుసులూ ఏవేవి కట్టుకోవాలో రాసుకుంటూ ఉంటే, అక్కడే చదువుకుని వచ్చిన మా పక్కింటి అబ్బాయి "మే నెలలో మూర్‌కా ఆంటీ, అది టోర్నడోల ఊరు కదా" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. అమ్మాయిని అడిగితే "ఇక్కడ అందరికీ అలవాటేనమ్మా" అంటుంది. నాకు అలవాటు లేదు కదా.

వాళ్ళ ఇంట్లో షెల్టర్ లేదు. ఇప్పుడు పెట్టిద్దామని రెండు చోట్ల రేట్లు అడిగారట. ఒకటేమో గ్యారేజ్‌లో కారు నిలిపే చోట గచ్చు కోసి, లోపలికి స్టీలు పెట్టె దించి, పైన పక్కకు జరిపే మూత పెడతారు. రెండోది గ్యారేజ్ మూలలో నిలబెట్టి కిందికి బోల్టులు బిగించే స్టీలు గది, ఫోటోలో పెద్ద ఇనప బీరువాలా ఉంది. అల్లుడు మొదటిదే మేలంటున్నాడు, భూమిలో ఉంటే గాలి ఏం చేస్తుందని. కానీ మా ఆయనకు రెండు మోకాళ్ళూ అరిగాయి, మెట్లు దిగాలంటే పక్కకు తిరిగి ఒక్కొక్కటే దిగుతారు.

నా భయం ఇంకొకటి. చిన్నప్పుడు శింగనమల దగ్గర మా అవ్వగారి ఇంట్లో జొన్నల పాతర ఉండేది. ఒకసారి మూత తీసిన వెంటనే మా మామ దిగబోతే మా తాత కేక వేసి రెక్క పట్టి లాగాడు. ముందు తాడుకు దీపం కట్టి దించారు, దీపం సగంలోనే ఆరిపోయింది. అది ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. గుంతలో దిగి మూత వేసుకుంటే గాలి ఆడుతుందా? పైన ఇల్లంతా కూలి మూత మీద పడితే మమ్మల్ని ఎవరు తీస్తారు, మేము అక్కడున్నామని ఎవరికి తెలుస్తుంది? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి. ఎండాకాలం మన చేలల్లో గడ్డీ కాగితాలూ లేపుకుని పోయే సుడిగాలి చూశాను, దానికీ దీనికీ సంబంధం ఏమైనా ఉందా?

గుత్తి_డ్రైవరన్న:

అమ్మా, టెన్షన్ పడొద్దు. గాలి వచ్చే ముందు ఇంటి కిటికీలన్నీ తెరిచి పెడితే లోపలి ఒత్తిడి బయటికి పోయి ఇల్లు పగలదంట. ఒకవేళ కారులో ఉంటే ఫ్లైఓవర్ కింద నిలుపుకొని, పైన దూలాల సందులోకి ఎక్కి కూర్చుంటే చాలు, ఒక వీడియోలో అట్లనే బతికినారు. నేను హైవే మీద తిరిగేవాణ్ణి, నాకు వంతెన కంటే గట్టిది ఏదీ కనపడదు.

ప్రొద్దుటూరు_ఆడపడుచు:

డ్రైవరన్నా, మీరు మంచి మనసుతోనే చెప్పారు కానీ ఆ రెండూ ప్రాణం మీదికి తెచ్చేవి, అందుకే ముందు మీకే జవాబు రాస్తున్నా. వంతెన కింద సందు ఇరుకు, అక్కడికి వచ్చేసరికి గాలి ఇంకా వేగం పుంజుకుంటుంది, గాలిలో కొట్టుకొచ్చే రేకులూ చెక్కలూ అన్నీ అందులోంచే దూసుకుపోతాయి. 1999 మే 3న ఇదే మూర్‌ను పెద్ద టోర్నడో కొట్టిన రోజు, ఆ వీడియోలు చూసి వంతెనల కింద దాక్కున్నవాళ్ళలో ముగ్గురు చనిపోయారు. కిటికీల మాట కూడా పాతకాలపు అపోహ. ఇల్లు లోపలి ఒత్తిడికి పేలదు. గాలి ముందు గ్యారేజ్ తలుపును లోపలికి తోసేస్తుంది, అక్కడినుంచి ఇంట్లోకి దూరి పైకప్పును కిందినుంచి ఎత్తుతుంది. కిటికీలు తెరవడం అంటే దానికి మనమే దారి ఇచ్చినట్టు. ఆ టైమంతా దాక్కోవడానికి కావాలి.

ఇక ఆంటీ, మాది ప్రొద్దుటూరు. 2013 మే 20న నేను మూర్ పక్కనే నార్మన్‌లో ఎమ్మెస్ చదువుతున్నా. పెళ్ళయ్యాక ఈ చుట్టుపక్కలే ఉండిపోయాం. ఆ రోజు మధ్యాహ్నం 2:40కి వార్నింగ్ ఇచ్చారు, 2:56కి టోర్నడో నేలను తాకింది. పదహారు నిమిషాలు. మూర్‌లోకి వచ్చేసరికి ఇంకొంచెం టైము దొరికింది. దాదాపు 40 నిమిషాలు నేల మీదే నడిచింది, ఒక దశలో మైలుకు పైగా వెడల్పు ఉంది. 24 మంది పోయారు. అందులో ఏడుగురు ప్లాజా టవర్స్ స్కూలు పిల్లలు. మీరు టీచరు కాబట్టి చెబుతున్నా, ఆ స్కూల్లో అప్పుడు షెల్టర్ లేదు, తర్వాత కట్టిన కొత్త స్కూల్లో పెట్టారు. అనంతపురంలో అప్పుడు టైమెంతో తెలుసా, రాత్రి 1:26. ఇక్కడ టోర్నడోలు ఎక్కువగా సాయంత్రం పూటే వస్తాయి, అంటే మనవాళ్ళు మంచి నిద్రలో ఉండే వేళ. మా అమ్మకు తెల్లవారి పాలు కాచుకుంటూ టీవీ పెట్టాకే తెలిసింది. అప్పటికి నా ఫోన్ పనిచేయడం లేదు.

రెండు రోజుల తర్వాత మా యూనివర్సిటీ వాళ్ళతో కలిసి శిథిలాలు ఎత్తడానికి వెళ్ళా. వీధి గుర్తుపట్టడానికి ఒక్క బోర్డు లేదు. చెట్లకు ఆకు లేదు, బెరడు కూడా లేదు. గోడల్లో నింపే గులాబీ రంగు దూది కొమ్మలకు పట్టుకుని వేలాడుతోంది. ఒక ఇంటికి గోడలే లేవు, గచ్చు ఉంది, గచ్చులో మీరు చెప్పిన లాంటి మూత ఉంది. ఆ మూత మీద ఇంకా ఇటుకలూ, సగం సోఫా. అందులో ముసలి దంపతులు దాదాపు గంట ఉన్నారంట, ఒక్క గీత కూడా పడలేదు. వాళ్ళను తీసింది సైన్యమూ కాదు, ఫైర్ ఇంజనూ కాదు. రెండిళ్ళ అవతలాయన. ఆయనకు వాళ్ళింట్లో గుంత ఏ వైపు ఉందో తెలుసు, తిన్నగా అక్కడికే వచ్చి చెక్కలు లాగేశాడు. తెలియకపోయి ఉంటే ఆ గుట్టలో ఎక్కడని వెతుకుతాడు?

అందుకే నా మాట ఇది. గుంతా గదా అన్నది రెండో సంగతి, మీరు లోపల ఉన్నారని, ఏ మూలన ఉన్నారని బయట మనిషికి తెలిసి ఉండాలి. మూర్‌లో, ఓక్లహోమా సిటీలో షెల్టర్‌ను ఊరి ఆఫీసులో రిజిస్టర్ చేసుకోవచ్చు. ఇల్లు నేలమట్టమైనా రెస్క్యూ వాళ్ళ దగ్గర ఆ జాబితా ఉంటుంది. షెల్టర్ పెట్టించి రిజిస్టర్ చేయనివాళ్ళు నాకు తెలిసే చాలామంది ఉన్నారు, నాకు చాలా బాధేస్తుంది. మీ అమ్మాయి చేత ముందు ఈ పని చేయించండి. పక్కింటివాళ్ళకు గ్యారేజ్ తెరిచి చూపించమనండి.

సుడిగాలి గురించి అడిగారు కదా. మన చేలల్లో లేచేది ఎండకు నేల కాగి, కింది వేడి గాలి పైకి లేచి తిరిగేది, పైన మబ్బు కూడా ఉండదు. ఇది తలకిందులు. ఉరుముల మబ్బు మొత్తం తిరుగుతూ ఉంటుంది, ఆ మబ్బు నుంచి నేల దాకా దిగుతుంది. పేరు ఒకటే కానీ రెండూ వేరు. అయితే ఒక ధైర్యం చెప్తాను, టోర్నడోల్లో ఎక్కువ భాగం చిన్నవే, పెంకులు లేచిపోవడం, కొమ్మలు విరగడంతో పోతాయి. నేను ఇన్నేళ్ళలో చాలాసార్లు షెల్టర్‌లోకి పరుగెత్తా, ఒక్కసారీ మా ఇంటి మీదికి రాలేదు.

బురుజు_దగ్గరి_ఇంజినీరు:

మేడం, నేను కర్నూల్లో స్ట్రక్చరల్ ఇంజినీరును. ఆ షెల్టర్లు నేను కట్టలేదు, కానీ అక్కడి డిజైన్ పుస్తకాలు చదివాను, మా అన్న డాలస్‌లో ఉన్నాడు కాబట్టి ఇదే తలనొప్పి నాకూ వచ్చింది.

ముందు గాలి బలం సంగతి. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలు అవుతుంది. మన దేశపు కోడులో కర్నూలుకు డిజైన్ గాలి సెకనుకు 39 మీటర్లు, అంటే గంటకు 140 కిలోమీటర్లు. అక్కడి సేఫ్ రూమ్ డిజైన్ చేసేది గంటకు 250 మైళ్ళకు, అంటే 400 కిలోమీటర్లకు. తోపు ఎనిమిది రెట్లు. కాబట్టి "మామూలు గదికే కాస్త మందం గోడ" అనుకుంటే కుదరదు. ఇంకో విషయం, గాలి కంటే గాలిలో వచ్చే వస్తువే ఎక్కువ చంపుతుంది. టెక్సస్‌లో లబ్బక్ అనే ఊరిని 1970 మే 11న టోర్నడో కొట్టాక, అక్కడి టెక్సస్ టెక్ యూనివర్సిటీ వాళ్ళు దీని మీదే కూర్చున్నారు. ఏడు కిలోలకు కాస్త తక్కువున్న చెక్క దూలాన్ని గాలి ఫిరంగిలో పెట్టి గంటకు 160 కిలోమీటర్ల వేగంతో గోడల మీదికీ తలుపుల మీదికీ కొట్టి చూస్తారు. అక్కడి మామూలు ఇళ్ళకు చెక్క చట్రం మీద ఒక్క వరుస ఇటుక పేర్చిన గోడలోంచి అది అవతలికి వచ్చేస్తుంది.

గుంతా, గదా? పరీక్ష పాసైనదైతే రెండూ ప్రాణం కాపాడతాయి. భూమిలోదే గట్టిది అన్న మీ అల్లుడి మాట అందరూ అనుకునేదే, కానీ 2013లో మూర్‌లో సరిగ్గా కట్టిన పై గదులు కూడా చుట్టూ ఇల్లు పోయినా నిలబడ్డాయి. ఆయన మోకాళ్ళ సంగతి చదివాక నేనైతే ఇంకో ఆలోచన లేకుండా పై గదే అంటాను. గ్యారేజ్ గుంతకు మెట్లు దాదాపు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. రాత్రి కరెంటు పోయి, సైరన్ మోగుతూ, ఒకరి చేతిలో పసిబిడ్డ, ఇంకొకరు పక్కకు తిరిగి ఒక్కో మెట్టు. పైగా కాన్పయిన మనిషి. మొదట కారు బయటికి తీయాలా వద్దా అన్న గొడవ కూడా ఉంటుంది, కొన్ని మోడళ్ళు కారు ఉండగానే దిగేలా చేస్తారు, అన్నీ కాదు.

అల్లుడితో అడిగించాల్సినవి చెప్తా. ఇంటి గచ్చు స్లాబులో బిగించిన స్టీలు కేబుళ్ళు ఉన్నాయా? ఉంటే గుంత కోసం ఇష్టమొచ్చినట్టు కోయకూడదు, కేబుల్ తెగితే స్లాబు దెబ్బతింటుంది, కోసేవాడికీ ప్రమాదమే. పై గది అయితే బోల్టులు దిగేది ఆ స్లాబులోకే కాబట్టి దాని మందం, అందులో కమ్మీ ఉందా లేదా అన్నది చూపించుకోవాలి. గది ఎంత గట్టిదైనా పునాది పట్టు లేకపోతే మొత్తం గదే దొర్లుతుంది. తలుపు మాత్రం ఎక్కడా రాజీ పడొద్దు. గోడ నిలబడి తలుపు ఊడి చనిపోయినవాళ్ళున్నారు. కనీసం మూడు కీళ్ళు, మూడు చోట్ల పట్టే గడియలు, తలుపూ చట్రమూ గడియా అన్నీ కలిపి పరీక్ష చేసిందై ఉండాలి. డబ్బు మిగులుతుందని గదికి బయట కొన్న మామూలు ఇనప తలుపు పెట్టిస్తే పెట్టిన డబ్బంతా వృథా. ఫెమా అంటే అక్కడి ప్రభుత్వ విపత్తుల సంస్థ, దాని పి-320 పుస్తకం, ఐసీసీ 500 అనే షెల్టర్ల ప్రమాణం, ఈ రెండు పేర్లూ కాగితం మీద చూపించమనండి. "ఫెమా వాళ్ళు ఆమోదించారు" అని ఎవడైనా అమ్మితే నమ్మొద్దు, ఫెమా ఏ కంపెనీ సరుకునూ ఆమోదించదు, కొలతలూ ప్రమాణాలూ మాత్రమే చెబుతుంది.

గుంతకు నీటి గండం కూడా ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ మా ఊరి మీద పడ్డప్పుడు మా సందులో సెల్లార్ ఉన్న ఇంటివాళ్ళు కిందికి దిగి సామాను తెద్దామనుకున్నారు, మా నాన్న అరిచి ఆపాడు. కాసేపట్లో సెల్లార్ పైకప్పు దాకా నీళ్ళు. టోర్నడో మబ్బు కుండపోత వాన కూడా తెస్తుంది. 2013 మే 31న ఓక్లహోమా సిటీలో టోర్నడోకు భయపడి వాన కాలువల్లో దాక్కున్నవాళ్ళు వరదలో కొట్టుకుపోయి చనిపోయారు. కాబట్టి ఇంటి స్థలం పల్లమా, వాన నిలుస్తుందా చూసుకోమనండి.

డబ్బు విషయం, ఓక్లహోమాలో సూనర్‌సేఫ్ అని ప్రభుత్వ పథకం ఉంది, అప్లై చేసినవాళ్ళలో లాటరీ తీసి ఖర్చులో కొంత తిరిగి ఇస్తారు. కట్టించకముందే ఆ సంగతి కనుక్కోమనండి. ఇంకా, మూర్ ఊరివాళ్ళు 2014లో ఇళ్ళ కోడు మార్చి గంటకు 135 మైళ్ళ గాలికి ఆగేలా కట్టాలన్నారు, గ్యారేజ్ తలుపుతో సహా. వాళ్ళ ఇల్లు అంతకుముందుదైతే గ్యారేజ్ తలుపు మార్పించడం మంచి ఖర్చే.

టీచరమ్మ_అనంతపురం:

బాబూ, తల్లీ, ఇద్దరికీ దండాలు. మీ జవాబులు మా ఆయనకు పైకి చదివి వినిపించాను. మోకాళ్ళ మాట రాగానే "నా ఒక్కడి కోసం గట్టిది మానేస్తారా" అన్నారు, రెండూ గట్టివే అన్న వాక్యం మళ్ళీ రెండుసార్లు చదివించుకున్నారు. ఇంకా రెండు సందేహాలు. గాలి ఆడుతుందా అన్నది ఎవరూ చెప్పలేదు. రెండోది, నిజంగానే చిక్కుకుపోతే లోపలున్నవాళ్ళు ఏం చేయాలి, కేకలు వేయాలా?

రిటైర్డ్_ఫైర్_కడప:

అమ్మా, నేను ఫైర్ సర్వీసులో పనిచేసి రిటైరయ్యాను, కడపలో ఉంటాను. గాలి గురించి ముందు. మీ తాతగారు చేసింది నూటికి నూరుపాళ్ళు సరి. పాతర మూసి ఉంచిన కొద్దీ లోపలి ధాన్యం గాలిలోని ఆక్సిజన్ తినేసి బొగ్గుపులుసు గాలి వదులుతుంది, అది బరువైనది, అడుగున కూర్చుంటుంది. అట్లా దిగి పోయినవాళ్ళను నేను బయటికి తీశాను, ఒకరిని కాపాడబోయి ఇంకొకరు. షెల్టర్ అది కాదు. పరీక్ష పాసైన షెల్టర్‌కు గాలి రంధ్రాలు ఉండి తీరాలి, అవి కూడా చెక్క దూరకుండా అడ్డం పెట్టి చేస్తారు. మనిషికి కనీసం మూడు చదరపు అడుగుల చోటు లెక్క వేస్తారు. లోపల ఉండేది చాలాసార్లు అరగంట, గంట. అయితే ఒకటి, లోపల కొవ్వొత్తి గానీ, దీపం గానీ వెలిగించొద్దు. గాలి కోసమే కాదు, బయట గ్యాస్ పైపు పగిలి ఉండొచ్చు. టార్చి చాలు.

చిక్కుకుంటే కేకలు వేయొద్దు. దుమ్ములో కేకలు వేస్తే పది నిమిషాలకు గొంతు పోతుంది. ఈల ఊదండి, లేదా రాయితోనో స్పానర్‌తోనో స్టీలు గోడ మీద మూడు దెబ్బలు, ఆగడం, మళ్ళీ మూడు దెబ్బలు. బయట మేము ఎట్లా వెతుకుతామో తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. మొదట ఒక పొడవాటి ఈల వేస్తాం, దానర్థం మెషిన్లు ఆపి అందరూ కదలకుండా నిలబడాలని. అప్పుడు ఒక్కడే గట్టిగా అడుగుతాడు, "లోపల ఎవరైనా ఉంటే కొట్టండి" అని. మిగతావాళ్ళం చెవులు నేలకు ఆనించి వింటాం. ఆ నిశ్శబ్దంలో చెంచాతో కొట్టిన చప్పుడు కూడా వినపడుతుంది. పొట్టిగా మూడు ఈలలు వినపడితే మాత్రం మా వాళ్ళే వెనక్కి పరుగెత్తాలని అర్థం, పైన ఏదో కూలబోతోంది. మీరు కొట్టడం ఆపొద్దు, మళ్ళీ వస్తారు.

అమెరికాలో వెతికిన ఇంటి గోడ మీద స్ప్రే పెయింటుతో పెద్ద ఇంటూ గుర్తు వేస్తారు. ఎడమ గడిలో ఏ జట్టు వెతికింది, పై గడిలో తేదీ, టైము, కుడి గడిలో గ్యాస్, కరెంటు లాంటి ప్రమాదాలు, కింది గడిలో బతికినవాళ్ళెందరు, చనిపోయినవాళ్ళెందరు. మీరు క్షేమంగా బయటపడి బంధువుల ఇంటికి వెళ్ళిపోతే ఆ సంగతి ఎవరికైనా చెప్పి వెళ్ళండి. లేని మనుషుల కోసం రాత్రంతా వెతికిన రోజులు మాకున్నాయి, ఆ టైములో పక్క వీధిలో ఉన్నవాళ్ళు ఆగిపోతారు.

ప్రొద్దుటూరు అమ్మాయి చెప్పింది బంగారం లాంటి మాట. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళ మీద పడింది. అప్పటికే నేను రిటైరయ్యాను, చేతనైన సాయం చేద్దామని వెళ్ళాను. ఒక ఊళ్ళో మాకు దారి చూపింది మ్యాపు కాదు, చౌకదుకాణం నడిపే ఒక పెద్దాయన. ఎవరింట్లో ఎంతమంది, ఎవరు మంచం మీద ఉన్నారు, ఎవరు పెళ్ళికి పోయి ఊళ్ళో లేరు అని బురదలో నిలబడి వేళ్ళ మీద లెక్క చెప్పాడు. ఆ లెక్కతోనే మేము ఏ ఇంటికి ముందు పోవాలో తేల్చుకున్నాం.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. బయటికి వచ్చాక పక్కవాళ్ళను తీయాలనిపిస్తుంది, తీయండి, మొదటి గంటలో బతికించేది పక్కవాళ్ళే. కానీ దూలం కింద కాలు పడి గంటలకొద్దీ ఉన్న మనిషిని డాక్టరు రాకముందే లాగేయొద్దు, నలిగిన కండలోని విషం ఒక్కసారిగా రక్తంలో కలిసి గుండె ఆగొచ్చు. అక్కడ 911కి చెప్పి, మాట్లాడుతూ పక్కన కూర్చోండి. కాళ్ళకు బూట్లు లేకుండా అడుగు బయట పెట్టొద్దు, మేకులే ఎక్కువమందిని గాయపరుస్తాయి. తెగిన కరెంటు తీగను చచ్చిన తీగ అనుకోవద్దు.

చీనీతోట:

ఇదంతా చదివి నాకు మా సంగతి అడగాలనిపించింది. మాది నార్పల వైపు, కొంత చీనీ, కొంత అరటి. మాకు టోర్నడో లేదు కానీ ఏటా ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఈదురుగాలి వస్తుంది. గెల వేసిన అరటి పది నిమిషాల్లో పడుకుంటుంది. అరటి పోతే పోయిందిలే అనుకోవచ్చు, మేము ఉండేది తోటలో రేకుల ఇల్లు. రేకులు లేవకుండా పైన బండలు పెట్టినాం. పోయినేడు గాలికి ఒక రేకు లేచి, దాని మీది తాడిపత్రి బండ లోపల మంచం మీద పడింది. అంతకు నిమిషం ముందు ఆ మంచం మీద మా పాప పడుకొని ఉండింది, వాన చూద్దామని వాకిట్లోకి పోయింది. ఆ మంచం పట్టె విరిగిన చోట ఇప్పటికీ తాడు కట్టి ఉంది. మాలాంటోళ్ళు ఏం చేయాలన్నా?

బురుజు_దగ్గరి_ఇంజినీరు:

అన్నా, ముందు ఈ రోజే ఆ బండలు దించేయండి. గాలి రేకును పైనుంచి నొక్కదు, పైకి పీలుస్తుంది. బండ బరువు చిన్న గాలికి ఆపుతుంది, పెద్ద గాలికి రేకుతో పాటు లేచి మీ నెత్తినే పడుతుంది. రేకులను కింది ఇనప పైపులకు జే బోల్టులతో, వాషర్లు వేసి బిగించాలి, చూరు అంచుల్లోనూ మూలల్లోనూ దగ్గర దగ్గరగా, ఎందుకంటే గాలి ముందు లేపేది అంచునే. ఆ పైపులు గోడలో ఊరికే ఆనించి ఉంటే లాభం లేదు, గోడలో కాంక్రీటు దిమ్మె పోసి పట్టీతో కట్టాలి. మీకు కొంచెం డబ్బు ఆడినప్పుడు ఇంటి మధ్యలో బాత్రూమంత గది ఒకటి కమ్మీ వేసి, పైన స్లాబు పోసి కట్టండి. గాలి లేచినప్పుడు పిల్లలతో అందులో ఉండండి. చెట్టు కిందికీ, మోటారు షెడ్డులోకీ పోవద్దు. పిడుగుల కోసం దామిని యాప్ ఫోన్‌లో వేసుకోండి, పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ చేసింది, మీ చుట్టుపక్కల పిడుగు పడే అవకాశం ఉంటే ముందే చెప్తుంది. మన దగ్గర సాయానికి 112, ఫైర్‌కు 101, విపత్తుల కంట్రోల్ రూముకు 1070. ఎస్టిమేట్ కావాలంటే ఇంటి ఫోటోలు ఇక్కడే పెట్టండి, డబ్బులేం వద్దు, నేను గీసి ఇస్తాను.

గుత్తి_డ్రైవరన్న:

అమ్మా, నేను చెప్పింది తప్పు, మన్నించండి. ఆ వీడియో నా తమ్ముడికి కూడా పంపినాను, వాడు టెక్సస్‌లో ట్రక్కు నడుపుతాడు. ఇప్పుడే ఫోన్ చేసి వంతెన కింద నిలపొద్దని చెప్పినా. మరి ట్రక్కులో ఉన్నోడు ఏం చేయాలి అని అడిగినాడు.

ప్రొద్దుటూరు_ఆడపడుచు:

అన్నా, మీరు ఫోన్ చేయడం చాలా మంచి పని. ముందు రోజే వాతావరణం చూసుకుని ఆ దారిలో పోకుండా ఉండటం మొదటిది. వాచ్ అంటే వచ్చే అవకాశం ఉందని, అప్పుడే దగ్గర్లో ట్రక్ స్టాప్ ఎక్కడుందో చూసి పెట్టుకోవాలి. వార్నింగ్ అంటే రాడార్‌లోనో కంటికో కనపడిందని, అప్పుడు బండి ఆపి గట్టి బిల్డింగులో బాత్రూములోకి పోవాలి. ఏదీ దొరకకపోతే సీటు బెల్టు పెట్టుకొని అద్దాల కంటే కిందికి తల వంచి చేతులతో కప్పుకోవాలి, లేదా రోడ్డు కంటే బాగా పల్లం కనపడితే బండికి దూరంగా అందులో బోర్లా పడుకోవాలి, నీళ్ళు లేని పల్లం అయితేనే. రెండూ చివరి దారులే.

టీచరమ్మ_అనంతపురం:

అందరికీ చెప్పాలని వచ్చాను. అల్లుడు పై గదే పెట్టిస్తున్నాడు. తలుపు పరీక్ష కాగితాలు అడిగితే మొదటి కంపెనీ వాళ్ళు రెండు రోజులు తిప్పించుకున్నారట, రెండో వాళ్ళు అప్పటికప్పుడు పంపారు, వాళ్ళకే ఇచ్చాడు. వచ్చే నెల బిగిస్తారు. ఆ సాయంత్రమే ఊరి జాబితాలో రిజిస్టర్ చేస్తానని మాట ఇచ్చాడు. అమ్మాయి పక్కింటి వాళ్ళ ఫోన్ నంబరు పంపితే నా డైరీ మొదటి పేజీలో రాసుకున్నాను. కాల్ కలవకపోయినా మెసేజ్ వెళ్తుందట కాబట్టి, బయటపడగానే "బాగున్నాం" అని ఒక్క మాట ఇక్కడ మా చెల్లెలికి పెట్టాలని అనుకున్నాం. ఆమె రాత్రి ఫోన్ తల దగ్గర పెట్టుకుంటుంది.

ఇక్కడ మేమిద్దరం రోజూ రాత్రి ఒకసారి లైట్లు ఆపి పడకగది నుంచి వంటింటి స్టోర్‌రూము దాకా నడిచి చూస్తున్నాం. మొదటి రోజు మా ఆయనకు నిమిషం దాటింది, చెప్పులు వెతుక్కోవడానికే సగం పోయింది. ఇప్పుడు చెప్పులు మంచం కిందే. పెట్టెలో రెండు ఈలలు, రెండు టార్చిలు, ఆయన షుగర్ మాత్రలు నెలకు సరిపడా విడిగా ఒక డబ్బాలో పెట్టాను. తలకు హెల్మెట్లు అక్కడే కొంటారట.

ప్రొద్దుటూరు తల్లీ, మీరు మా అమ్మాయి ఇంటికి దగ్గరే కదా. మీకేం పొడి కావాలో చెప్పండి, తెస్తాను.

ప్రొద్దుటూరు_ఆడపడుచు:

నల్లకారం ఆంటీ, మా అమ్మ పోయాక ఇంట్లో దంచిన నల్లకారం తినలేదు. మీరు వచ్చాక తప్పకుండా కలుద్దాం. ఒకటి ముందే చెప్తున్నా, వాతావరణం బాగుంటే ఇక్కడ శనివారం మధ్యాహ్నం 12 గంటలకు ఊరంతా సైరన్లు మోగుతాయి. అది టెస్టింగ్. మీరు దిగిన మొదటి శనివారం ఆకాశం నీలంగా ఉండి సైరన్ వినపడితే కంగారు పడొద్దు, కానీ ఎలాగూ మోగింది కదా, అంకుల్‌ను తీసుకుని ఒకసారి ఆ గదిలోకి నడిచి, తలుపు మూడు గడియలూ ఆయన చేతనే వేయించండి.